తవిటయ్య తిన్న వంకాయ

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా బల్ల మీంచి ఒక్క కాగితం కూడా తప్పిపోలేదని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను. కాగితం అన్నాను, గమనించండి. మనుషుల సంగతి వేరు. మనుషులు మా సెక్షన్ కిందికి రారు.

నా పేరు ముక్కామల విశ్వపతి. జిల్లా ప్రజారోగ్య ఆహార పరిశీలన కార్యాలయంలో సూపరింటెండెంటుని. మా ఆఫీసు బస్టాండు వెనక, పాత పశువుల ఆసుపత్రి భవనంలో ఉంది. గుమ్మం మీద ఆవు బొమ్మ ఇంకా చెరగలేదు. ఆ బొమ్మ నమ్ముకుని ఇప్పటికీ నెలకి ఇద్దరు ముగ్గురు గేదెల్ని తోలుకొస్తారు. వాళ్ళకి నచ్చజెప్పి వెనక్కి పంపడం తవిటయ్య పని.

తవిటయ్య మా అటెండరు. అలా అనడం కూడా తప్పేలెండి. పదిహేడేళ్ళుగా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నా, ఆయన ఔట్‌సోర్సింగు మనిషి. మా రికార్డుల్లో 'సిబ్బంది' అన్న పద్దులో ఆయన పేరుండదు. చీపుళ్ళు, ఫినాయిలు, గోనెతాడు, తవిటయ్య, ఈ నాలుగూ 'ఇతర సరఫరాలు' కింద వస్తాయి. ఇది నేను పుట్టించిన నియమం కాదు. నేను వచ్చేసరికే ఉంది, నేను పోయాకా ఉంటుంది.

ఆ మనిషికి ఉన్నది ఒకటే కోరిక. పెర్మనెంటు కావాలి. "రిటేరయ్యే నోగా ఒక్క రోజైనా పెర్మనెంటోడు అనిపించుకోవాల బాబూ. మా ఆడదాని ముందర తలెత్తుకోవాల," అని వారానికి ఒకసారైనా నా చెవిలో వేసేవాడు. నేను "చూద్దాం" అనేవాణ్ణి. మా ఆఫీసులో 'చూద్దాం' అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇలా ఉండగా మా జిల్లాకి వంకాయ వచ్చింది.

వంకాయ ముందూ ఉంది, కాదనను. ఇది కొత్తది. పేరు నీలకంఠ-7. కాయ తొలిచే పురుగు కొరికితే చచ్చేలా విత్తనంలోనే ఏదో సూక్ష్మజీవి లక్షణం కలిపారట. పురుగు చచ్చిపోతే మరి మనిషికేమవుతుంది అన్న ప్రశ్న పుట్టింది. పుట్టిందే తడవు టౌన్‌హాల్లో రెండు సభలు, కలెక్టరాఫీసు ముందు రెండు టెంట్లు. తింటే పుట్టబోయే పిల్లలు ఊదారంగులో పుడతారని ఒక టెంటు. తినకపోతే దేశం వందేళ్ళు వెనక్కి పోతుందని ఇంకో టెంటు. పేరులోనే విషం ఉందని వీళ్ళూ, విషం మింగినా ఏమీ కాని దేవుడి పేరని వాళ్ళూ. సాయంత్రం అయ్యేసరికి రెండు టెంట్లవాళ్ళూ ఒకే బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తినేవారు. ఆ బజ్జీ ఏ నూనెలో వేగిందో ఎవరూ అడగలేదు.

చివరికి రాజధాని నుంచి మా ఆఫీసుకి ఉత్తర్వు దిగింది. అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను:

"సదరు వంకాయ వలన మానవ ఆరోగ్యమునకు హాని కలదా, లేదా, కలదేని ఎంత, లేదేని ఎందుకు లేదు అను విషయమును పన్నెండు మాసములలోగా శాస్త్రీయముగాను, నిష్పాక్షికముగాను, ఎవరి మనోభావములూ గాయపడకుండగాను తేల్చి నివేదించవలెను."

చదివి నేను లేచి నిలబడి మరీ మెచ్చుకున్నాను. ఉత్తర్వంటే అలా ఉండాలి.

వెంటనే కమిటీ వేశారు. అధ్యక్షులు మా జిల్లా అధికారి డాక్టర్ గుణశేఖరం గారు. పేరు ముందు డాక్టరున్నా, ఆయన రోగి చెయ్యి పట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. ఏ విషయమూ తేల్చకుండా మూడు జిల్లాల్లో నెగ్గుకొచ్చిన మనిషి. సభ్యులు ఇద్దరు. విత్తన శాస్త్రవేత్త డాక్టర్ చక్రధర్ వంకాయ పక్షం. పూర్వాహార పరిరక్షణ సమితి అధ్యక్షులు అవధానం గారు వంకాయకి వ్యతిరేకం. కార్యదర్శిని నేను. నాకు పక్షం లేదు, మినిట్సు పుస్తకం ఉంది.

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చిపడింది. ఎలకలు కావాలన్నారు చక్రధర్ గారు.

"శాస్త్రం ప్రకారం ముందు ఎలకలకి పెట్టి చూడాలండి. కనీసం అరవై ఎలకలు."

అధ్యక్షులు నా వైపు చూశారు. నేను బడ్జెట్ పుస్తకం తిరగేశాను. "అయ్యా, ఎలకల్ని చంపడానికి మనకి పద్దు ఉంది. పోషించడానికి లేదు," అన్నాను.

"రికార్డు రూములో ఉన్నాయి గదండీ, కావలసినన్ని," అన్నారు చక్రధర్ గారు.

"అవి పనికిరావు!" అన్నారు అవధానం గారు, బల్ల గుద్దుతూ. "వాటి పూర్వపు ఆహారం ఏమిటి? ఎనభై మూడు నుంచి ఫైళ్ళు తింటున్నాయి. ఫైళ్ళు జీర్ణం చేసుకున్న ఎలకని వంకాయ ఏం చేస్తుందండీ? రేపు దానికేమీ కాలేదని మీరు పేపర్లో వేయిస్తారు."

నిజమే మరి. సరిగ్గా అప్పుడు తవిటయ్య టీ కప్పుల పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చాడు. అధ్యక్షులు ఆయన్ని సంతలో ఎద్దుని చూసినట్టు పైనుంచి కిందికి చూశారు.

"విశ్వపతి గారూ, ఇతను ఏ పద్దు?"

"ఇతర సరఫరాలండి."

"అంటే?"

"ఆఫీసు అవసరాలకి ఏ విధంగానైనా వినియోగించుకోవచ్చండి. ప్రత్యేక అనుమతి అక్కర్లేదు."

ఈ మాట అన్నది నేనే. ఎవరూ నా నోట్లోంచి లాగలేదు. నియమం అడిగారు, నియమం చెప్పాను.

చక్రధర్ గారు కొంచెం నసిగారు, మనిషి మీద నేరుగా అంటే పద్ధతి కాదేమోనని. అవధానం గారు ఆలోచనలో పడ్డారు. వీడు జబ్బు పడితే తన వాదన నెగ్గుతుంది. వీడు నవనవలాడితే చక్రధర్ గారిది నెగ్గుతుంది. ఎవరి లెక్క వాళ్ళు వేసుకుని, ఇద్దరూ ఒకేసారి "సరే" అన్నారు. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

తవిటయ్యని కూర్చోబెట్టారు. పదిహేడేళ్ళలో ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి, అంచు మీదే ఒదిగాడు.

"ఏమయ్యా, వంకాయ తింటావా?" అన్నారు అధ్యక్షులు.

"వంకాయా? అదంటే పేనం బాబూ నాకు! మావోళ్ళు వంకాయ తవిటయ్యనే పిలుత్తారు నన్ను."

"ఏడాది పాటు తినాలి. మేము ఇచ్చినది, మేము చెప్పినట్టు. తింటే..." అని అధ్యక్షులు నా వైపు చూశారు. నేను అందుకుని, అప్పటికప్పుడు ఒక వాక్యం కట్టాను. "ప్రయోగానంతరము సదరు సరఫరాను శాశ్వత ఉద్యోగిగా తీసుకొను విషయము నియమ నిబంధనలకు లోబడి సానుభూతితో పరిశీలించబడును." ఆ వాక్యంలో పన్నెండు మాటలున్నాయి. తవిటయ్య 'శాశ్వత' ఒక్కటే విన్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇబ్బందిగా అనిపించి చేతులు వెనక్కి లాక్కున్నాను.

మర్నాడు ఆయన భార్య అచ్చియ్యమ్మ ఆ వంకాయల్ని గుత్తిగా కోసి, అల్లం, పచ్చిమిరపకాయ, కొత్తిమీర నూరి కూరి, నూనెలో మగ్గించి, పొగలు కక్కే అన్నంతో క్యారేజీ కట్టి పంపింది. మూత తియ్యగానే ఆఫీసంతా వాసన. నాకు నోట్లో నీళ్ళూరాయి. తవిటయ్య ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళాడు.

"ఆగు!" అని అరిచారు అవధానం గారు. "ఈ నూనె ఏమిటి?"

"బజారు నూని బాబూ. పేకెట్టు."

"ప్యాకెట్లో పత్తిగింజల నూనె కలుపుతారు. పత్తి మొత్తం జన్యుమార్పిడిదే. రేపు వీడికి కడుపునొప్పి వస్తే అది వంకాయ వల్లా, పత్తి వల్లా? ఎలా తేలుతుందండీ?"

చక్రధర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. వంకాయ ప్రభావం తెలియాలంటే మిగతా ప్రభావాలన్నీ తొలగించాలి. అది శాస్త్రం."

రెండోసారి ఏకాభిప్రాయం. ఆ దెబ్బతో నూనె పోయింది.

తరవాత అన్నం. ఆ బియ్యం ఏ రకం, ఆ రకానికి తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడిగారు. రేషను బియ్యానికి అమ్మానాన్నలెవరో అచ్చియ్యమ్మ ఎక్కడ చెబుతుంది? అన్నం పోయింది. పచ్చిమిరపకాయ సంకరజాతి అన్నారు, అదీ పోయింది. అల్లం, చింతపండు, కందిపప్పు ఒక్కొక్కటే వరసగా పోయాయి. ప్రతిదానికీ 'జన్యు చరిత్ర పత్రం' తెచ్చుకుంటే తినవచ్చునని మినహాయింపు ఇచ్చాం. పత్రం ఇచ్చే అధికారి ఎవరో ఉత్తర్వులో లేదు. అది కనుక్కోమని రాజధానికి రాశాను.

ఉప్పు దగ్గర మాత్రం తర్జనభర్జన జరిగింది. ఉప్పుకి జన్యువులుండవు కనక తినవచ్చునని చక్రధర్ గారన్నారు. "లేవని పత్రం ఏదీ?" అన్నారు అవధానం గారు. ఉండనివి లేవని ధ్రువీకరించడానికి నమూనా ప్రయోగశాలకి పంపాం. లేని జన్యువు ఏ రకానిదో దరఖాస్తులో నింపలేదని నమూనా తిరిగొచ్చింది. మళ్ళీ పంపాం. ఫైలు నడుస్తోంది.

మిగిలింది వంకాయ, నీళ్ళు. ఉడకబెట్టిన వంకాయ. ఉప్పు లేదు, కారం లేదు, ముద్దలో అన్నం లేదు. పూటకి నాలుగు వందల గ్రాములు, రోజుకి మూడు పూటలు. మొదటిరోజు తవిటయ్య ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మా అందరి ముఖాలూ చూసి, "బావుంది బాబూ," అన్నాడు. పాపం, మర్యాద తెలిసిన మనిషి.

దొంగచాటుగా తింటాడేమోనని రోజూ ఉదయం పది గంటలకి నాలుక తనిఖీ పెట్టారు. తనిఖీ అధికారిని నేనే. ఆయన నోరు తెరిచేవాడు, నేను టార్చి వేసి చూసి 'ఊదారంగు తప్ప ఇతర ఆనవాళ్ళు లేవు' అని రాసుకునేవాణ్ణి. అది కూడా వంకాయ తొక్క రంగే. కానీ అవధానం గారు ఆ ఒక్క వాక్యం పట్టుకుని మూడు సభలు నడిపారు.

ప్రతి సోమవారం బరువు చూసేవాళ్ళం. మొదలుపెట్టినప్పుడు అరవై ఒక్క కిలోలు. రెండు నెలలకి యాభై ఆరు. అసలు కథ అక్కణ్ణుంచి మొదలైంది.

"చూశారా!" అన్నారు అవధానం గారు. "ఆ జన్యువు మనిషిని లోపలినుంచి తొలిచేస్తోంది. పురుగుకి ఏం చేసిందో మనిషికీ అదే చేస్తోంది."

"అపార్థం," అన్నారు చక్రధర్ గారు. "ఊబకాయం ఈనాటి ప్రధాన ప్రజారోగ్య సమస్య. ఈ వంకాయ దానికి పరిష్కారం చూపుతోంది. మరో విషయం. ఈ రెండు నెలల్లో కాయ తొలిచే పురుగు ఇతన్ని ఒక్కసారైనా తొలిచిందా? లేదు. నూటికి నూరు శాతం రక్షణ."

రెండూ మినిట్సులో రాశాను. రెండూ పేపర్లో పడ్డాయి. ఒక పేపరు 'చిక్కి శల్యమవుతున్న తవిటయ్య' అని, ఇంకో పేపరు 'నాజూకైన తవిటయ్య' అని. ఫోటో ఒకటే. తవిటయ్య ఆ రెండూ కత్తిరించి తన స్టూలు పక్కన గోడకి అంటించుకున్నాడు. గేదెల్ని తోలుకొచ్చినవాళ్ళు కూడా ఆగి చూసి వెళ్ళేవారు.

ఆయన దగ్గితే ఒక ప్రకటన వచ్చేది, ఒకరోజు నవ్వితే దాన్ని 'ఉత్సాహ లక్షణం' అని ఒకరూ, 'అకారణ హాసం, నరాల బలహీనత' అని ఇంకొకరూ రాయించారు. నవ్వడానికి కారణం నాకు తెలుసు. నా కుర్చీ కాలు విరిగి నేను కింద పడ్డాను. ఆ సంగతి మినిట్సులో రాయలేదు.

నాలుగో నెలలో అచ్చియ్యమ్మ ఆఫీసుకొచ్చింది. చీర కొంగు నడుముకి దోపుకుని, తిన్నగా నా బల్ల దగ్గరికి.

"బాబూ, మీరు పెద్దోలు, సదూకున్నోలు. ఆ మడిసికేటైందో మీకు తెల్డం నేదేటి?"

"అదే తేలుస్తున్నాం అమ్మా. ఇద్దరు నిపుణులు..."

"నిపునులేటి బాబూ! ఆడికి ఆకలేత్తంది. ఆకలి! రేత్రంతా డొక్కట్టుకుని కూకుంతన్నాడు. వంకాయలో ఏటి కలిపినారని ఏడిసి సత్తన్నారు గానీ, దాని పక్కనేటి తీసేసినారో సూసినారా? గుప్పెడు బువ్వెట్టండి, సాలు. ఏ రోగమూ నేదు ఆడికి."

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరు పండితులకి నాలుగు నెలలుగా అంతుపట్టని విషయాన్ని ఈవిడ నిలబడి తేల్చేసింది!

"అమ్మా, ఆకలి అనేది కమిటీ పరిశీలనలో లేదు. ఉత్తర్వులో హాని ఉందా లేదా అన్నారు గానీ, ఆకలి గురించి అడగలేదు. కావాలంటే అర్జీ పెట్టుకో," అన్నాను.

"అర్జీ ఒవులికెట్టాలి?"

"నాకే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గుమ్మం దగ్గరున్న మొగుడి వైపు తిరిగింది. "పద, ఇంటికి. పెర్మనెంటూ వొద్దు, పాడూ వొద్దు. అంబలి తాగి బతుకుదుం."

"ఒలే అచ్చీ, ఊరుకో," అన్నాడు తవిటయ్య. స్టూలు మీంచి లేవడానికి గోడ పట్టుకున్నాడు. "పదిహేడేల్లాగినాను. ఎనిమిది నెల్లు ఆగనేనేటి? ఈ వొయిసులో నాకింకెవులిత్తారు? పెర్మనెంటైతే రేపు నాను పోయినా నీకు పింఛనొత్తాది. అప్పుడు నువ్వే అంటావు, ఆడు వంకాయలు తిన్నా మంచి పని సేసినాడని."

అచ్చియ్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. అర్జీ పెట్టలేదు. పెట్టి ఉంటే ఫైలు తెరిచేవాణ్ణి.

వైశాఖంలో తవిటయ్య మేనకోడలి పెళ్ళి వచ్చింది. మేనమామ లేకపోతే ముహూర్తం ఆగిపోతుందని గోల పెడితే, పరిశీలకుడు వెంట ఉండాలన్న షరతు మీద సెలవిచ్చారు. పరిశీలకుణ్ణి నేనే. భోజనాల పందిట్లో నన్ను ఆయన పక్కనే కూర్చోబెట్టారు. నా విస్తట్లో పులిహోర, గారెలు, బూరెలు, గుమ్మడికాయ దప్పళం, గడ్డపెరుగు. ఆయన విస్తట్లో స్టీలు డబ్బాలోంచి తీసిన ఉడకబెట్టిన వంకాయ. వడ్డించేవాళ్ళు వస్తే ఆయనే రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి, "నాకొద్దు, నాకొద్దు, మా బాబుగారికెయ్యండి," అనేవాడు. మూడుసార్లు పులిహోర వేయించుకున్నాను. నా చేతివంక, బూరెని విరిచే నా వేళ్ళవంక ఆయన చూసిన చూపు చెప్పలేను. ఆ మధ్యాహ్నం నాకు తిన్నది అరగలేదు. దానికీ కారణం వంకాయేనని అవధానం గారు అనేవారేమో, నేను చెప్పలేదు.

ఏడాది గడిచింది. తవిటయ్య బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. రెండు కప్పుల టీ పళ్ళెం కూడా ఎత్తలేకపోతున్నాడని, టీలు మేమే తెచ్చుకుంటున్నాం. ఆయన చొక్కా అదే, లోపల మనిషి మాత్రం సగమే.

చివరి సమావేశం. తవిటయ్య శుభ్రంగా గడ్డం గీయించుకుని, పెళ్ళినాటి పంచె కట్టుకుని వచ్చాడు. అచ్చియ్యమ్మ వరండాలో కూర్చుంది. నివేదిక ఎలా ఉండాలన్నది అరగంటలో తేలిపోయింది. హాని కలదు అని ఒక భాగం, హాని లేదు అని రెండో భాగం, రెండూ సరైనవేనని అధ్యక్షుల ముందుమాట. ఎవరి మనోభావాలూ గాయపడలేదు. అధ్యక్షులు చేతులు దులుపుకున్నారు.

"మరి నా సంగతి, బాబూ?" అన్నాడు తవిటయ్య.

"ఆఁ, నీ సంగతి. నియమ నిబంధనలకు లోబడి అని ఉంది గదా. విశ్వపతి గారూ, నిబంధనలు?"

నేను చదివాను. శాశ్వత ఉద్యోగానికి ఆరోగ్య యోగ్యతా పత్రం తప్పనిసరి. కనీస బరువు నలభై అయిదు కిలోలు. పత్రం ఇవ్వవలసింది జిల్లా అధికారి, అంటే అధ్యక్షులే. ఇరవై మూడేళ్ళ తరవాత గుణశేఖరం గారు ఒక మనిషి చెయ్యి పట్టుకున్నారు. నాడి చూశారు. కనురెప్ప లాగి చూశారు. నిజంగానే బాధపడ్డారండీ, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"చాలా నీరసంగా ఉన్నావయ్యా. ఒంట్లో రక్తం లేదు. ఇలాంటివాణ్ణి ప్రభుత్వోద్యోగంలోకి ఎలా తీసుకోమంటావు? రేపు నీకేమైనా అయితే ఎవరు జవాబుదారీ?" అని, 'అయోగ్యుడు' అని రాసి సంతకం పెట్టారు. కింద ఒక సలహా కూడా రాశారు, 'పౌష్టికాహారము తీసుకొనవలెను' అని.

తవిటయ్య కాగితం పుచ్చుకున్నాడు. చదవడం రాదు కదా, నాకిచ్చాడు. "ఇదేనా బాబూ, పెర్మనెంటు కాయితం?"

చదివి వినిపించాను. పదాలు మింగకుండా, మొత్తం చదివాను. ఆయన విని, తలూపి, "ఆఁ ఆఁ" అన్నాడు. కుర్చీ అంచు మీంచి లేవబోయి లేవలేకపోయాడు. కుర్చీ చప్పుడు విని అచ్చియ్యమ్మ లోపలికొచ్చింది. ఎవర్నీ తిట్టలేదు. తిడుతుందనే ఎదురుచూశాను, తిడితే బావుండేది కూడా. చంక కింద చెయ్యి వేసి, చిన్నపిల్లవాణ్ణి లేపినట్టు లేపి, వరండాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తను తెచ్చిన క్యాన్లోంచి చోడిపిండి అంబలి గ్లాసులోకి వంచి, అందులో ఉల్లిపాయ నలిపి, ఆయన నోటికి అందించింది. ఆయన రెండు చేతులా గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గటగటా తాగాడు. తాగుతూ ఏడ్చాడు.

కిటికీలోంచి ఇద్దరు నిపుణులూ చూశారు. "ప్రయోగం కలుషితమైపోయింది," అన్నారు చక్రధర్ గారు. "అవును," అన్నారు అవధానం గారు. అది మూడో ఏకాభిప్రాయం.

మర్నాటి నుంచి తవిటయ్య రాలేదు. బరువులు ఎత్తలేడు కనక ఏజెన్సీవాళ్ళు ఆయన బదులు వేరే మనిషిని పంపారు. సరఫరాల రిజిస్టరులో ఆయన పేరు కొట్టెయ్యాలి. ఎదురుగా 'తొలగింపునకు కారణము' అన్న గడి ఉంది. కారణాల జాబితా ముందే అచ్చు వేసి ఉంటుంది. అరిగిపోయినది, విరిగిపోయినది, ఎలకలు కొట్టినది, గడువు తీరినది. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఏ మాటా కుదరలేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి జాబితాలో లేని మాట రాశాను. 'ఆకలి' అని.

రాసినది రాసినట్టు రాజధానికి పోయింది. సరిగ్గా పన్నెండో రోజు జవాబొచ్చింది.

"మీరు తెలియజేసిన 'ఆకలి' అనునది ఆమోదిత కారణముల జాబితాలో కానరాదు. సదరు ఆకలి జన్యుమార్పిడి చేయబడిన రకమా, లేక దేశవాళీ రకమా? తగు ధ్రువీకరణతో వారము దినములలో తెలియజేయవలెను. జాప్యమునకు మీరే బాధ్యులు."

నేను జాప్యం చెయ్యలేదు. కొత్త కాగితం తీసుకుని, మార్జిను మడిచి, అదేరోజు జవాబు రాసి, ముద్ర వేసి పంపాను:

"పై విషయమై సవినయముగా తెలియజేయునది. సదరు ఆకలి పూర్తిగా దేశవాళీ రకము. తరతరములుగా ఈ ప్రాంతముననే ఉన్నది. ఇందులో ఇంతవరకు ఎవ్వరూ ఎట్టి మార్పూ చేసి యుండలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."